నేర సంకల్పం – కఠిన బాధ్యత

ఒక పని నేరమని తేల్చే ముందు న్యాయస్థానం సాధారణంగా రెండు విషయాలు చూస్తుంది. మొదటిది చేసిన పని: కొట్టడం, దొంగిలించడం, దొంగ పత్రం పుట్టించడం. రెండోది ఆ పని చేసేటప్పటి మనసు: కావాలనే చేశాడా, ఏమవుతుందో తెలిసే చేశాడా, పడవలసిన జాగ్రత్త పడకుండా చేశాడా. ఈ రెండోదాన్ని నేర సంకల్పం అంటారు. న్యాయవాదుల వాడుకలో ఇది మెన్స్ రియా. ప్రాసిక్యూషన్ ఈ రెండింటినీ సందేహానికి తావు లేకుండా రుజువు చేస్తేనే ముద్దాయికి శిక్ష వేయాలన్నది ఇంగ్లండు న్యాయ సంప్రదాయం నుంచి మనకు వచ్చిన నియమం.

దీనికి మినహాయింపుగా పుట్టింది కఠిన బాధ్యత. ఇక్కడ పని జరిగిందని తేలితే చాలు. అమ్మిన నూనె కల్తీదని దుకాణదారుకు తెలియకపోవచ్చు. చెక్కు ఇచ్చినవాడు అది చెల్లుతుందనే నమ్మి ఉండవచ్చు. తాగి బండి నడిపినవాడికి ఎవరికీ హాని చేయాలన్న ఆలోచన ఉండదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మాత్రం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉందా లేదా అన్నదే చూస్తుంది.

ఈ సిద్ధాంతం మీద జరిగిన వాదాలన్నీ చివరికి ఒక ప్రశ్న దగ్గరికి చేరతాయి. 'నాకు తెలియదు' అన్న మాట నిజమైనప్పుడు దాని నష్టం ఎవరు భరించాలి? భారతదేశంలో ఆ బరువు గత డెబ్బై ఏళ్లలో మెల్లమెల్లగా ముద్దాయి వైపు జరిగింది. అన్నిచోట్లా, అందరి విషయంలో సమానంగా జరగలేదు. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే.

ముందు ఒక చిక్కు విప్పాలి. పత్రికల్లో కఠిన బాధ్యత అన్న మాట నష్టపరిహారం కేసుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. 1868 నాటి రైలాండ్స్ – ఫ్లెచర్ కేసులో ఇంగ్లండు ప్రభువుల సభ, తన నేలలో ప్రమాదకరమైన వస్తువు నిల్వ చేసుకున్నవాడు అది బయటపడి పొరుగువాడికి నష్టం కలిగిస్తే, తన తప్పు లేకపోయినా పరిహారం కట్టాలని చెప్పింది. ఢిల్లీలో ఓలియం వాయువు లీకైన ఉదంతంపై ఎం.సి. మెహతా కేసులో మన సుప్రీంకోర్టు 1986లో ఇంకా ముందుకు వెళ్లి, ప్రమాదకర పరిశ్రమలకు ఏ మినహాయింపూ లేని సంపూర్ణ బాధ్యతను స్థిరపరచింది. ఇవి సివిల్ బాధ్యతలు, డబ్బుతో తీరేవి. మనం మాట్లాడుకుంటున్నది జైలుకు పంపే నేర చట్టం గురించి. రెండింటి పేరు ఒకటే కావడం వల్ల చదువుకున్నవాళ్లు కూడా పొరబడుతుంటారు.

మనసులో మెట్లు

మెకాలే అధ్యక్షతన మొదటి లా కమిషన్ 1837లో ముసాయిదా సిద్ధం చేసిన భారత శిక్షాస్మృతి 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో నేర సంకల్పం గురించి విడిగా ఒక సూత్రం లేదు. దానికి బదులు ఒక్కొక్క నేరం నిర్వచనంలోనే కావలసిన మనఃస్థితిని రాసేశారు. దొంగతనానికి 'దురుద్దేశంతో', ఫోర్జరీకి 'మోసగించే ఉద్దేశంతో', దొంగసొత్తు ఉంచుకోవడానికి 'దొంగసొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి' అని. 2024 జులై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఈ పద్ధతినే నిలుపుకుంది.

మనసును బట్టి శిక్ష ఎంత మారుతుందో ప్రాణం తీసిన నేరాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. చంపాలనే ఉద్దేశంతో చంపితే అది హత్య. శిక్ష ఉరి లేదా యావజ్జీవం. ఉద్దేశం లేకపోయినా ప్రాణం పోవచ్చని తెలిసి చేస్తే, హత్య స్థాయికి చేరని సందర్భాల్లో న్యాయ సంహిత 105వ సెక్షన్ కింద పదేళ్ల వరకు జైలు. కేవలం నిర్లక్ష్యమైతే 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు. పాత స్మృతిలో ఇదే నేరం 304-ఎ. అప్పుడు గరిష్ఠం రెండేళ్లే. పోయినది ఒక ప్రాణమే అయినా మూడు రకాల శిక్షలు, కారణం మనసులో తేడా.

మనసు లేనిచోట నేరమే లేదని చెప్పే భాగం సాధారణ మినహాయింపుల అధ్యాయం. ఏడేళ్ల లోపు పిల్లలు, చేస్తున్నదేమిటో తెలియని మతిస్థిమితం లేనివారు, ప్రమాదవశాత్తూ జరిగినవి, వాస్తవం విషయంలో పొరపాటు పడినవారు ఇందులోకి వస్తారు. చివరిదానికి ఒరిస్సాలో జరిగిన ఒక కేసును న్యాయ విద్యార్థులందరూ చదువుతారు. 1958 మే నెల. రస్‌గోవిందపూర్‌లో వాడకం లేకుండా పడి ఉన్న ఒక విమానాశ్రయం దగ్గర రాత్రిళ్లు దయ్యాలు తిరుగుతాయని చుట్టుపక్కల వాళ్ల నమ్మకం. పాత సామాను కొనడానికి వచ్చిన వ్యాపారి వెంట ఉన్న నేపాలీ పనివాడు ఒక అర్ధరాత్రి మరికొందరితో కలిసి ఆ దారిన పోతుండగా కాస్త దూరంలో దీపం మిణుకుమంది, దాని చుట్టూ ఆకారాలు కదిలాయి. అతను కుక్రీ దూసి ఆ ఆకారాల మీద పడ్డాడు. తీరా చూస్తే వాళ్లు లాంతరు పెట్టుకుని చెట్టు కింద ఇప్పపూలు ఏరుకుంటున్న ఆదివాసీ స్త్రీలు. ఒకామె చనిపోయింది, మరికొందరికి గాయాలయ్యాయి. టార్చి వేసి చూసుకోవలసిందని ప్రభుత్వం వాదించింది. అవి దయ్యాలేనని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు కాబట్టి మనుషుల్ని చంపే సంకల్పం లేదని, వాస్తవం విషయంలో పొరపాటు కింద నిర్దోషి అని ఒరిస్సా హైకోర్టు తేల్చింది. రామ్ బహదూర్ థాపా కేసుగా ఇది స్థిరపడింది. చనిపోయిన స్త్రీ కుటుంబానికి ఈ తీర్పు న్యాయంగా కనిపించి ఉండదు. నేర చట్టం మనసుకు ఇచ్చే విలువ ఎంత దూరం పోతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇంగ్లండులో మొదలు

పందొమ్మిదో శతాబ్దంలో ఫ్యాక్టరీలు, డబ్బాల్లో వచ్చే ఆహారం, లైసెన్సు మద్యం దుకాణాలు పెరిగాక ఇంగ్లండు పార్లమెంటు కొత్త రకం చట్టాలు చేసింది. వాటిలో చాలావాటిలో 'తెలిసి' అన్న మాట ఉండదు. ఆ మాట లేకపోతే అర్థమేమిటన్నది కోర్టుల ముందుకు వచ్చింది. 1846 నాటి వుడ్రో కేసులో కల్తీ పొగాకు ఉన్న వ్యాపారికి ఆ సంగతి తెలియకపోయినా శిక్ష పడింది. 1875 నాటి ప్రిన్స్ కేసు మరీ ప్రసిద్ధం. పదహారేళ్లు నిండని బాలికను తండ్రి సంరక్షణ నుంచి తీసుకువెళ్లిన యువకుడు, ఆమె తనకు పద్దెనిమిదేళ్లని చెప్పిందన్నాడు. అతను అలా నమ్మడం సహేతుకమేనని జ్యూరీ కూడా ఒప్పుకుంది. అయినా న్యాయమూర్తుల్లో ఒక్కరు తప్ప అందరూ శిక్షనే సమర్థించారు. మైనర్లను సంరక్షకుల దగ్గర నుంచి తీసుకుపోయే కేసుల్లో వయసు తెలియదన్న వాదన మన దగ్గర కూడా సాధారణంగా నిలవకపోవడం ఈ దారిలోనిదే.

కోర్టులు మాత్రం ఒకే దిక్కుకు పోలేదు. 1884లో ఒక కేసులో, తాగి ఉన్నవాడికి మద్యం పోసిన దుకాణదారు, అతను తాగి ఉన్నాడని గమనించకపోయినా దోషే అన్నారు. పదకొండేళ్ల తరవాత, 1895లో, అదే లైసెన్సింగ్ చట్టం కింద షెర్రాస్ కేసు వచ్చింది. డ్యూటీలో ఉన్న పోలీసుకు మద్యం అమ్మకూడదు. డ్యూటీలో ఉన్న పోలీసులు చేతికి పట్టీ కట్టుకునే ఆచారం ఉండేది. ఆ పోలీసు పట్టీ తీసేసి వచ్చాడు కాబట్టి డ్యూటీ అయిపోయిందనే దుకాణదారు అనుకున్నాడు. ఈసారి కోర్టు శిక్ష కొట్టేసింది. చట్టంలో మాట లేకపోయినా నేర సంకల్పం అవసరమనే ముందుగా భావించాలి, చట్టం భాష గాని దాని విషయం గాని ఆ భావనను తొలగిస్తే తప్ప, అన్నారు జస్టిస్ రైట్. ఆ తరవాత కామన్‌వెల్త్ దేశాల కోర్టులన్నీ ఈ వాక్యం చుట్టూనే తిరిగాయి.

1969లో స్వీట్ కేసుతో ప్రభువుల సభ ఈ భావనకు గట్టి బలం ఇచ్చింది. ఒక ఉపాధ్యాయిని పల్లెలో తాను అద్దెకు ఇచ్చిన ఇంట్లో కుర్రాళ్లు గంజాయి తాగారు. ఆమెకు ఏమీ తెలియదు. ఆమెను దోషిగా నిలబెట్టడాన్ని సభ అంగీకరించలేదు. కెనడా సుప్రీంకోర్టు 1978లో సూ సెయింట్ మేరీ నగర కేసులో మధ్యే మార్గం వేసింది. పని జరిగిందని ప్రభుత్వం రుజువు చేస్తుంది. తాను తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని ముద్దాయి చూపగలిగితే బయటపడతాడు. నా దృష్టిలో ఈ సిద్ధాంతం మీద ఇంతవరకు వచ్చిన పరిష్కారాల్లో ఇదే అన్నిటికన్నా న్యాయమైనది. జాగ్రత్త పడమని చట్టం ఒత్తిడి చేస్తుంది, పడ్డవాణ్ణి మాత్రం శిక్షించదు.

మన సుప్రీంకోర్టు, కోకా సుబ్బారావు

రెండో ప్రపంచ యుద్ధ కాలపు రేషన్ ఉత్తర్వుల నుంచి వచ్చిన కేసులతో మన చరిత్ర మొదలవుతుంది. ఉప్పును నిర్ణీత ధరకు మించి అమ్మిన శ్రీనివాస్ మల్ కేసులో ప్రివీ కౌన్సిల్ 1947లో నేర సంకల్పం అవసరమంది. మద్రాసు హైకోర్టు నుంచి అప్పీలుగా వచ్చిన రావుల హరిప్రసాదరావు కేసులో, బంకులో పనివాళ్లు కూపన్లు లేకుండా పెట్రోలు పోస్తే లైసెన్సుదారును శిక్షించవచ్చా అన్నది ప్రశ్న. చట్టం స్పష్టంగా గాని, తప్పనిసరి సూచనగా గాని తోసిపుచ్చితే తప్ప అపరాధ మనసు లేనివాణ్ణి దోషి అనకూడదని 1951లో సుప్రీంకోర్టు చెప్పింది.

పదమూడేళ్లకు ఈ దిశ మారింది. 1962 నవంబరు 27న జ్యూరిచ్‌లో స్విస్‌ఎయిర్ విమానం ఎక్కిన మేయర్ హాన్స్ జార్జ్ అనే జర్మన్ మనీలా వెళుతున్నాడు. జాకెట్టులో 34 కిలోల బంగారం ఉంది. విమానం మధ్యలో బొంబాయిలో ఆగింది. అతను కిందికి దిగను కూడా లేదు. అంతకుముందు భారతదేశం మీదుగా వేరే దేశానికి బంగారం తీసుకువెళ్లడానికి సాధారణ అనుమతి ఉండేది. రిజర్వు బ్యాంకు నవంబరు 8న ఇచ్చిన కొత్త నోటిఫికేషన్, అలాంటి బంగారాన్ని విమానం సరుకుల పట్టికలో చూపాలంది. అది గెజిట్‌లో అచ్చయింది నవంబరు 24న. అంటే అతను విమానం ఎక్కడానికి మూడు రోజుల ముందు. ఐరోపాలో ఉన్న మనిషికి అది ఎలా తెలుస్తుంది? మేజిస్ట్రేటు ఏడాది జైలు వేశారు, బొంబాయి హైకోర్టు వదిలేసింది, సుప్రీంకోర్టు 1964లో ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో మళ్లీ దోషి అంది. విదేశీ మారకద్రవ్య చట్టం దేశ ఆర్థిక భద్రత కోసం చేసింది, నేర సంకల్పం రుజువు చేయమంటే దాని లక్ష్యమే దెబ్బతింటుందన్నది మెజారిటీ వాదం. అప్పటికే అనుభవించిన జైలుతో సరిపెట్టారు.

విభేదించిన మూడో న్యాయమూర్తి కోకా సుబ్బారావు. రాజమండ్రిలో పుట్టి, 1954లో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, తరవాత దేశ ప్రధాన న్యాయమూర్తి అయినవారు. గోలక్‌నాథ్ తీర్పుతో ఆయన పేరు రాజ్యాంగ చర్చల్లో మారుమోగింది గాని, నేర న్యాయంలో ఆయన చేసిన పని కూడా అంతే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. చట్టం లక్ష్యం మంచిదైనంత మాత్రాన నేర సంకల్పం అవసరం లేదనుకోరాదని, ఆ అవసరాన్ని తీసేయకపోతే చట్టం నిజంగా విఫలమవుతుందా అన్నది చూడాలని ఆయన వాదం.

మరుసటి సంవత్సరమే, నాథూలాల్ కేసులో అదే దృష్టితో ఆయన ముద్దాయికి విముక్తినిచ్చారు. మధ్యప్రదేశ్‌లోని ధార్‌లో ధాన్యం వ్యాపారి. లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు, రుసుము కట్టాడు. తిరస్కరించినట్టు అతనికి ఎవరూ చెప్పలేదు. లైసెన్సు వచ్చినట్టే అనుకుని గోదుమలు నిల్వ చేశాడు, అధికారులకు లెక్కలు కూడా పంపుతూ వచ్చాడు. అధికారుల దగ్గర దాచనివాడు తప్పు చేస్తున్నానని తెలిసి చేశాడని ఎలా అంటాం?

పార్లమెంటుకు ఈ తీర్పు నచ్చలేదు. 1967లో నిత్యావసర సరుకుల చట్టం 7వ సెక్షన్‌లో 'తెలిసి గాని, ఉద్దేశపూర్వకంగా గాని, మరే విధంగా గాని' అన్న మాటలు చేర్చి నేర సంకల్పానికి తలుపు మూసింది. 1974లో ఆ మాటలు తీసేసి కొత్తగా 10-సి సెక్షన్ పెట్టింది. దీని ప్రకారం ముద్దాయికి నేర మనసు ఉందని కోర్టు ముందే అనుకుంటుంది. లేదని రుజువు చేసుకోవలసింది ముద్దాయి. ఈ నమూనా కస్టమ్స్ చట్టంలోనూ ఉంది. తరవాత 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోకి, 2012 నాటి పోక్సోలోకి వ్యాపించింది.

రుజువు భారం మారిన చోట

మాదకద్రవ్యాల చట్టం 35వ సెక్షన్ ఈ నమూనాకు కఠినమైన ఉదాహరణ. ముద్దాయి తనకు నేర మనసు లేదని చూపడం మాత్రమే కాదు, దాన్ని సందేహానికి తావు లేనంతగా చూపాలి. ప్రభుత్వానికి ఉండే బరువే పౌరుడి మీద పెట్టారు. విశాఖ మన్యం నుంచి కిందికి దిగే ఒక లారీని ఊహించండి. పైన గుమ్మడికాయలు, కింద మూటల్లో గంజాయి. దొరికినప్పుడు క్యాబిన్‌లో డ్రైవరు, క్లీనరు మాత్రమే ఉంటారు, సరుకు ఎక్కించినవాడు ఉండడు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. కనీస శిక్ష పదేళ్లు. 37వ సెక్షన్ వల్ల బెయిలు కూడా సులువుగా రాదు. లోడు ఎక్కేటప్పుడు పక్క హోటల్లో నిద్రపోతున్న క్లీనరు, ఆ నిద్రను ఎవరి చేత, ఎలా రుజువు చేయించగలడు? 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందంటూనే, సరుకు ముద్దాయి స్వాధీనంలో ఉందన్న పునాది వాస్తవాలను మొదట ప్రాసిక్యూషనే సందేహం లేకుండా నిరూపించాలని ఒక అడ్డుకట్ట వేసింది. స్వాధీనం అంటే దగ్గర ఉండటం మాత్రమే కాదు, ఉందన్న ఎరుక కూడా అని అంతకుముందు ఆయుధాల కేసుల్లోనూ కోర్టు చెప్పింది. శిక్ష పదేళ్లున్నచోట ఇలాంటి అడ్డుకట్టలు ఎన్ని ఉన్నా తక్కువే.

చెక్ బౌన్స్ సంగతి ఇంత బరువైనది కాదు గాని, కోర్టుల్లో పేరుకున్న కేసుల్లో దీని వాటా పెద్దదే. 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 138వ సెక్షన్‌కు మోసగించే ఉద్దేశం అక్కర్లేదు. చెక్కు చెల్లదని అనుకోలేదన్న వాదన పనికిరాదని 140వ సెక్షన్ తేల్చేసింది. అయితే నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కడితే నేరమే ఉండదు. తెలియక జరిగినదాన్ని దిద్దుకునే ఈ వ్యవధి వల్ల ఇక్కడ కఠిన బాధ్యత పెద్ద అన్యాయంగా అనిపించదు.

పిల్లలకు బండి ఇచ్చే తల్లిదండ్రులకు మోటారు వాహనాల చట్టంలో 2019లో వచ్చిన 199-ఎ సెక్షన్ తెలియడం మంచిది. మైనరు నేరం చేస్తే సంరక్షకుడికి, వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. తమకు తెలియకుండా తీసుకువెళ్లాడని గాని, ఆపడానికి తగిన జాగ్రత్త పడ్డామని గాని వాళ్లే చూపాలి.

కిరాణా కొట్టు, రసాయనాల ఫ్యాక్టరీ

కఠిన బాధ్యత సామాన్యుడికి బాగా తగిలింది ఆహార కల్తీ చట్టంలో. 1954 నాటి ఆ చట్టం 19వ సెక్షన్, సరుకు స్వభావం తెలియదన్న వాదనను వ్యాపారికి లేకుండా చేసింది. ఒక దశలో కనీస శిక్షే ఆరు నెలల జైలు. తయారీదారు దగ్గర నుంచి రాతపూర్వక వారంటీ తీసుకుని, సరుకు ఎలా వచ్చిందో అలాగే అమ్మినవాడికి మాత్రమే రక్షణ. బస్తాల్లో విడిగా పప్పు, కారం కొని అమ్మే పల్లె కొట్టువాడికి వారంటీ ఎవరిస్తారు? ఈ సెక్షన్ల మీద ఆంధ్రప్రదేశ్ ధాన్యం, విత్తనాల వర్తకుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రజల ఆరోగ్యం కోసం ఇలాంటి నియంత్రణ సమంజసమేనని కోర్టు 1970లో చట్టాన్ని సమర్థించింది. ఆరోగ్యం విషయంలో కోర్టు మాట కాదనలేం. కాని మిల్లు దగ్గర కల్తీ జరిగితే చివరి మెట్టు మీది చిల్లర వ్యాపారి జైలుకు పోవడం నాకు ఎప్పటికీ మింగుడు పడదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఈ లోపాన్ని చాలావరకు దిద్దింది. నాసిరకం సరుకుకు జైలు తీసేసి ఐదు లక్షల వరకు జరిమానా పెట్టింది, తగిన జాగ్రత్త పడ్డానన్న వాదనను 80వ సెక్షన్‌లో ఒప్పుకుంది. 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం ఇదే దారిలో 42 కేంద్ర చట్టాల్లోని 183 నిబంధనలను నేరాల జాబితా నుంచి తప్పించింది.

ఫ్యాక్టరీల విషయంలో చట్టం పైకి కఠినంగానే కనిపిస్తుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కింద కంపెనీ డైరెక్టర్లలో ఒకరినే యజమానిగా చూపాలని, ఉద్యోగి మీదికి నెట్టేయడం కుదరదని జె.కె. ఇండస్ట్రీస్ కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. భద్రతా నియమాల ఉల్లంఘనకు ఇది పనికొస్తుంది. వేలమంది ప్రాణాలు పోయినప్పుడు మాత్రం కేసు శిక్షాస్మృతి కిందికి వస్తుంది, అక్కడ మళ్లీ మనసు రుజువు కావాలి.

భోపాల్‌లో జరిగింది అదే. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి వెలువడిన విషవాయువుకు వేలమంది బలయ్యారు. ప్రాణాలు పోతాయని తెలిసి చేశారంటూ పాత స్మృతి 304వ సెక్షన్ రెండో భాగం కింద భారతీయ అధికారుల మీద అభియోగం మోపారు. 1996లో కేశబ్ మహీంద్రా కేసులో సుప్రీంకోర్టు, ఆ ఎరుక ఉన్నట్టు చూపే ఆధారం లేదంటూ నిర్లక్ష్యం నేరమైన 304-ఎకు దాన్ని తగ్గించింది. నిల్వ ట్యాంకు దగ్గరి రక్షణ వ్యవస్థల లోపాలు కంపెనీకి తెలిసినవే అన్న ఆరోపణ అప్పటికే ఉన్నా, తెలియడానికీ ఆ రాత్రి ప్రాణాలు పోతాయని తెలియడానికీ మధ్య కోర్టు గీత గీసింది. ఆరు నెలల కనీస శిక్షకు చిల్లర కొట్టువాడి మనసుతో పని లేదన్న న్యాయ వ్యవస్థే, ఇక్కడ డైరెక్టర్ల మనసును ఇంత సూక్ష్మంగా తూచింది. ఈ రెండు కొలతలను పక్కపక్కన పెట్టి సమర్థించగల వాదన నాకు కనబడలేదు. కంపెనీకి కూడా నేర మనసు ఉంటుందని, దాన్ని నడిపించేవాళ్ల మనసే దాని మనసని ఇరిడియం కేసులో కోర్టు ఒప్పుకున్నది 2010లో.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయినప్పుడు, జాతీయ హరిత ట్రిబ్యునల్ వెంటనే కఠిన బాధ్యతను వర్తింపజేసి 50 కోట్లు జమ చేయమంది. అది పరిహారం వైపు. నేరం వైపు దర్యాప్తుకు పాత దారే మిగిలింది. ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలుసు అన్నది ఒక్కొక్కరి విషయంలో తేల్చాలి.

ఆ దారి ఎక్కడికి చేరుతుందో భోపాల్ చూపింది. ఆ కేసులో దిగువ కోర్టు తీర్పు 2010 జూన్ 7న వచ్చింది. దోషులకు పడింది రెండేళ్ల జైలు. 304-ఎ కింద అప్పటికి ఉన్న గరిష్ఠ శిక్ష అదే. పెద్ద అభియోగాన్ని తిరిగి నిలబెట్టాలని సి.బి.ఐ. వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2011 మేలో కొట్టేసింది.